నాడి లేని ప్రాణము

శార్ఙ్గధర సంహిత మొదలుకొని మన వైద్యులు అంగుష్ఠమూలమున నాడిని పట్టి చూచి ప్రాణస్థితిని నిర్ణయించుచు వచ్చిరి. నాడి యాడిన ప్రాణ మున్నట్లు, ఆగిన పోయినట్లు. చెన్నూరులో నేమి, చెన్నపట్టణములో నేమి, లోకుల నమ్మకము నేటికిని ఇదియే. ఈ నమ్మకమునకు లొంగని మనుష్యులు కొందఱు ఇప్పుడు లోకమున తిరుగుచున్నారు. వారిలో పలువురి మణికట్టున నాడి తగులదు. అయినను వారు మాటలాడుదురు, భుజింతురు, నడతురు.

గుండె కానించి యమర్చిన చిన్న పంపు ఇందులకు కారణము. గుండె ముడుచుకొనుచు విచ్చుకొనుచు నిమిషమునకు రమారమి 5 లీటర్ల రక్తమును త్రోయును. నీరసించిన యెడమ జఠరికకు తోడగు ఈ యంత్రము గుండెవలె కొట్టుకొనదు. లోపలి చక్రము నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగుచు రక్తమును ఎడతెగక మహాధమనిలోనికి పంపును. 2017లో అమెరికా ప్రభుత్వానుమతి పొందిన హార్ట్‌మేట్ 3లో ఆ చక్రము దేనికిని తగులక అయస్కాంత శక్తిచే తేలియుండును. కొందఱికి మఱియొక గుండె దొరకువఱకును, కొందఱికి జీవితాంతమును దీనిని అమర్తురు. మన దేశమున విజయవంతమైన ప్రథమ హృదయ మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీలో నెఱవేర్చిన వేణుగోపాల్ గారు రాజమహేంద్రవరమున జన్మించిన తెలుగువారని స్మరించుట మాకు సంతోషము.

గుండె లయ తప్పుటలో ఘోరమైనది జఠరికల కంపనము. కండరము వణకునే గాని రక్తమును త్రోయజాలదు. సామాన్యుడు క్షణములలో స్మృతి దప్పును. నిమిషములలో మెదడు చెడును. పంపు గలవారిలో కొందఱు ఈ కంపనము సాగుచుండగనే గంటలకొలది మెలకువతో నుండిరి! కుడి జఠరిక పని మానినను, సిరలలోని పీడనము రక్తమును ఊపిరితిత్తులు దాటించి యెడమకు చేర్చినంత కాలము పంపునకు పని దొరకును. చేరుట తగ్గెనా, అది వట్టి చక్రమే. కావున వారికిని విద్యుద్ఘాతముచే లయను సరిదిద్దవలసినదే.

అనగా, లయ తప్పినప్పుడు మనుష్యుని చంపునది రక్తప్రవాహము నిలిచిపోవుటయే. ఈ యంత్రము సామాన్య రైతునకు అందునది కాదు. దాని విద్యుత్తు తీగ పొట్ట చీల్చుకొని వెలికి వచ్చును, బాటరీలను ఎల్లప్పుడు మోయవలెను. కాని ప్రవాహమును కొంతసేపు నిలుపగల పంపు ప్రతివాని భుజములకే కలదు. రొమ్ము తెఱవకయే గుండెను నొక్కి ప్రాణము నిలుపవచ్చునని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు 1960లోనే ప్రకటించిరి. పడినవాడు పలుకక, సరిగా ఊపిరి తీయక యున్నచో, రొమ్ము నడుమ రెండు చేతులు చేర్చి, 5 సెంటీమీటర్లకు తగ్గక 6కు మించక లోతుగా, నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు నొక్కవలెను. వెల యేమియు లేదు.

2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి మన కెంతో మేలు చేసినది, కాదనము. అయితే ప్రాణహిత యొడ్డునున్న పల్లెకు అది చేరులోపల గడచు నిమిషముల కెవరు బాధ్యులు? పిల్లలను జెండా వందనమునకు వరుసలు దీర్చు ఉపాధ్యాయులు ఒక పూట ఈ విద్య నేర్పుట భారమా? చెన్నూరు ప్రాంతపు ఉన్నత పాఠశాలలన్నిటను దీనిని నేర్పవలెననియు, బస్సు స్టాండులో విద్యుద్ఘాత యంత్ర మొకటి ఉంచవలెననియు అధికారులను కోరుచున్నాము. బడులు తెఱచు జూన్ మాసము ఇందులకు తగిన సమయము.