తోడి ఆటగాడెవ్వడు?

వేములవాడనుండి కోరుట్లకు పోవు త్రోవలో నున్న రుద్రంగి, 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో మండలకేంద్ర మైనది. అంతకు పూర్వము అది చందుర్తి మండలములోని గ్రామము. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలోని అనేక గ్రామములవలెనే ఇచ్చటినుండియు పురుషులు దుబాయి, షార్జా, మస్కట్, కువైట్, దమ్మాము పట్టణములకు వలసపోయి, సంవత్సరములతరబడి కాయకష్టము చేసి ఇంటికి సొమ్ము పంపుచుందురు. తండ్రి గల్ఫునకు పోయిన ఇంట స్మార్టుఫోను విలాసవస్తువు కాదు. ఆయన మాట వినబడునది అందులోనే. ఆయన పంపిన సొమ్ము చేరినదో లేదో తెలియునది అందులోనే. తల్లి బీడీలు చుట్టుచుండగా, నాయనమ్మ కునికిపాట్లు పడుచుండగా పిల్లవాడు ఆటలాడునదియు అందులోనే. మాట, సొమ్ము, ఆట అను మూడును ఒక్క పరికరమున చేరియుండుట ఈ ప్రాంతపు ఇండ్లలోని విశేషము. పిల్లల ఆన్‌లైన్ ఆటలనుగూర్చి ఏ సలహా చెప్పినను ఇచ్చటనుండియే మొదలిడవలెను.

ఆన్‌లైన్ ఆటలనగానే పెద్దలకు మొదట స్ఫురించునది తుపాకి. తెరమీద రక్తము చిందుచున్నదా, బాంబులు ప్రేలుచున్నవా అని తొంగిచూచి, అవి కానరానిచో నిశ్చింతులగుదురు. కన్నులు చెడునన్న బెంగ రెండవది. ఇవి నిరాధారములని నేననను. కాని పిల్లవాడు వీధిలోనికి ఆటకు బోవునపుడు ‘ఏ ఆట ఆడుదువు?’ అని కాక ‘ఎవరితో ఆడుదువు?’ అని యడుగు తల్లి వివేకము, అదే పిల్లవాడు ఫోను చేతబట్టినపుడు మాత్రము మనకేల లోపించవలెను? తెరకావల నున్న తోడి ఆటగాడెవ్వడు, అతడు మనవానితో మాటలాడగలడా అనునది ప్రథమప్రశ్న. ఈ ఆటనుండి మన బ్యాంకుఖాతాకు దారి యున్నదా అనునది ద్వితీయప్రశ్న. తుపాకుల సంగతి, కన్నుల సంగతి ఆ పిమ్మటివి.

పలువురు కలిసి ఆడు ఆటలన్నియు ఒక్క తీరున నడువవు. ఒకే ఇంటిలో, ఒకే వైఫైమీద రెండు మూడు ఫోనులు కలుపుకొని ఆడునవి కొన్ని; వీనిలో పరాయివాడు ప్రవేశించుటకు తావులేదు. ఆటలో ఒక గదిని తెరచి, దాని అంకెలను తెలిసినవారికి మాత్రమే వాట్సాప్‌లో పంపి, వారితోడనే ఆడునవి మరికొన్ని. ఇక మూడవ తరగతి, మీట నొక్కినంతనే కంపెనీవారి యంత్రము ప్రపంచములో ఏ మూలనుండియో అపరిచితులను గొనివచ్చి జట్టుగా కూర్చునది. ఒకే ఆటలో ఈ మూడు మార్గములును ఉండవచ్చును గావున, ఫలానా ఆట మంచిది, ఫలానా ఆట చెడ్డది యని పేరునుబట్టి తీర్పుచెప్పుట తొందరపాటగును. ఏ మార్గమున ఆడుచున్నాడో చూడవలెను.

ఇందుకు లూడో కంటె చక్కని నిదర్శనము లేదు. మన పచ్చీసును ఆంగ్లేయులు కుదించి, 1896లో ఇంగ్లండున లూడో అను పేర పేటెంటు పొందిరి. అది నూట ఇరువది సంవత్సరములకు ‘లూడో కింగ్’ అను ఫోను ఆటయై 2016లో ముంబయి ప్రాంతమునుండి వెలువడి, 2020 నాటి లాక్‌డౌను దినములలో దేశమంతట ఇంటింట చేరెను. అష్టాచెమ్మా ఆడిన ముసలివారు దీనిని పిల్లలకంటె ముందే పట్టుకొందురు. కాయ చంపుట, కాయ పండుట వారికి కొత్తగాదు. దీనిలో స్నేహితులతో ఆడు గదిని తెరచి, దాని అంకెలను షార్జాలోని తండ్రికి పంపినచో, ఆయన పనినుండి క్యాంపునకు మరలి భోజనముచేసి, అచ్చట ఎనిమిది గంటలకు ఆటలో చేరును. ఇచ్చట అప్పటికి తొమ్మిదిన్నర. కువైట్, సౌదీలలోనైనచో వ్యత్యాసము రెండున్నర గంటలు. అచ్చటి ఎనిమిది ఇచ్చట పదిన్నర యగును గావున బడికిపోవు పిల్లలకు అది తగదు. శుక్రవారము అచ్చట సెలవు. వారి మధ్యాహ్నము మూడు గంటలు మనకు సాయంకాలము అయిదున్నర, పిల్లలు బడినుండి వచ్చు వేళ. షార్జా యున్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్సులో వాట్సాప్ సందేశములు పోవును గాని దానిలో కాల్ కలియదు. బోటిమ్ వంటి అనుమతిగల యాప్‌లనే వాడవలెను. ‘బాగున్నవా, తిన్నవా’ అను రెండు ముక్కలతో ముగియు కాల్ కంటె ‘బాపూ, నీ కాయ సచ్చింది!’ అను కేకలో తండ్రీబిడ్డల చనువు ఎక్కువయని నా నమ్మకము.

అయితే అదే లూడోను పందెమునకు పెట్టు యాప్‌లు కూడ పుట్టినవి. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే తన 1974 నాటి గేమింగు చట్టమును సవరించి, సొమ్మొడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించెను. కేంద్రప్రభుత్వము చేసిన ఆన్‌లైన్ గేమింగు చట్టము 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదమును పొందినది. దానిప్రకారము సొమ్ముతోగూడిన ఆటలను నడపువారికి మూడేండ్లవరకు చెరసాల, కోటి రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. పిల్లవాని ఆటలో ‘గెలిచిన సొమ్ము ఖాతాలో పడును’ అను మాట కనబడినచో, ఆట ఎంత సాధువుగా గనిపించినను, అక్కడ ఆలోచింపవలసినది లేదు, దానిని తొలగింపవలెను.

ప్లే స్టోరులో ప్రతి ఆటకును 3, 7, 12, 16, 18 అను అంకెలలో నొకటి వయఃపరిమితిగా వ్రాసియుందురు. దానిని చూచుట మంచిదే. కాని ఆ అంకె ఆటలోని బొమ్మలను, హింసను, భాషను లెక్కించి యిచ్చినదే తప్ప, ఆటలో చేరిన అపరిచితుడు ఏమి మాటలాడునో అది యెరుగదు. అందుచేతనే ఆ అంకెచెంత సన్ననియక్షరములతో, ఆడువారు ఒకరితో నొకరు సంభాషింతురనియు, ఆటలో కొనుగోళ్లు గలవనియు వేరుగా సూచింతురు. మనలో నూటికి తొంబదిమంది చదువనిది ఆ సన్ననియక్షరములే.

మాటల ద్వారము ఎంత ముఖ్యమో తెలిసికొనుటకు అమెరికాలో జరిగిన యొక వ్యవహారమును జూడుడు. ఫోర్ట్‌నైట్ అను ప్రసిద్ధమైన ఆటను నడపు ఎపిక్ గేమ్స్ కంపెనీ, పిల్లలకును మాట, వ్రాతల సంభాషణను మొదటినుండియే తెరచియుంచి, వారిని అపరిచితులతో కలుపుచున్నదనియు, పిల్లల వివరములను తలిదండ్రుల అనుమతిలేక సేకరించినదనియు అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరోపించెను. 2022 డిసెంబరులో ఆ కంపెనీ దీనికై 27 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకును, మోసపు మీటలతో కొనిపించిన సరకులకు మరి 24 కోట్ల 50 లక్షల డాలర్లు వాపసు చేయుటకును ఒప్పుకొనెను. ఇందలి కీలకము ‘మొదటినుండియే తెరచి’ యను మాటలో గలదు. కంపెనీ అమర్చి యిచ్చిన తీరు కంపెనీ లాభమునకే గాని మన బిడ్డ క్షేమమునకు గాదు. ఆటను దింపుకొన్న మరుక్షణమే సెట్టింగులలోనికి బోయి, వాయిస్ చాట్ మూసి, స్నేహితుల అభ్యర్థనలు ఎవరైనను పంపగల వీలును తొలగింపవలెను. రోబ్లాక్స్ అను ఆటల వేదికను ఇట్టి భయములచేతనే టర్కీ 2024లోను, కతార్, కువైట్ దేశములు 2025లోను నిషేధించినవి. దోహాలోనున్న తండ్రికి తెరువబడని ఆటను రుద్రంగిలో కొడుకు స్వేచ్ఛగా ఆడుచుండుట వింతయే.

ఇక మగపిల్లలకు ప్రాణమైన తుపాకి ఆటలు. పబ్జీని భారతప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించెను. దాని స్థానమున బీజీఎంఐ 2021 జూలైలో వచ్చి, 2022 జూలైలో తొలగింపబడి, 2023 మే నెలలో మరల వచ్చినది. ఫ్రీ ఫైర్ 2022 ఫిబ్రవరిలో నిషిద్ధమైనను దాని తోబుట్టువైన ఫ్రీ ఫైర్ మ్యాక్స్ నిలిచినది. బీజీఎంఐలో పదునెనిమిదేండ్లలోపువారికి దినమునకు మూడుగంటల హద్దు గలదు. కాని పిల్లవాడు వయస్సు అబద్ధము చెప్పినచో, లేక నాయనమ్మ పేరుతో ఖాతా తెరచినచో ఆ హద్దు ఎవరికి? పదియేండ్లవానికి ఈ ఆటలు వలదని నా అభిప్రాయము. పదునారేండ్లవానిని నిషేధముతో ఆపజూచుట వ్యర్థము. బడిమిత్రులతోనే జట్టుకట్టుమనియు, అపరిచితుల మాటను మ్యూట్ చేయుమనియు చెప్పుట కార్యసాధకము. ప్లే స్టోరులో లేని ఆటను ‘మోడ్’ అని వాట్సాప్‌లో ఎవరో పంపిన ఫైలుద్వారా ఎక్కించుటమాత్రము ఏ వయస్సువారికిని కూడదు. ఆ ఫైలు ఫోనులోని సమస్తమును చదువగలది కావచ్చును.

ఆ సమస్తములో సొమ్మే ముఖ్యము. ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, బీజీఎంఐలో యూసీ, రోబ్లాక్స్‌లో రోబక్స్ అను పేర్లతో ఆటలకు ప్రత్యేకనాణెములు గలవు. తుపాకికి రంగు, వేషమునకు కొత్త చొక్కా వీనితో కొందురు. రూపాయి డైమండుగా మారినపిమ్మట దాని విలువ పిల్లవాని మనస్సునకు దోచదు. దోచకుండుటకే ఆ యేర్పాటు. ‘ఉచితముగా డైమండ్లిత్తుము, మీ ఇంటి ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పు’ అను వంచకులు దీనికి తోడగుదురు. తండ్రి నెలకొకమారు పంపు సొమ్ము పడు ఖాతా, ఆట ఆడు ఫోనులోనే యూపీఐకి ముడిపడి యుండరాదు. పాత ఫోనొకటి యింటనున్నచో, దానిలో సిమ్ము లేక, బ్యాంకు యాప్ లేక, ఆటలు మాత్రమే యుంచుట శ్రేష్ఠము. ఉన్నది ఒక్కటే ఫోనైనచో, ప్లే స్టోరు సెట్టింగులలో ప్రతి కొనుగోలుకును పాస్‌వర్డ్ అడుగునట్లు అమర్చి, యూపీఐ పిన్నును పిల్లవాని యెదుట నొక్కకుండుట కనీసధర్మము. మీట నొక్కుట రాని నాయనమ్మ ‘నువ్వే కొట్టు బిడ్డా’ అని పిన్ను మనుమనికే చెప్పు ఆచారము మన యిండ్లలో కలదు. దాని నాపుట కష్టమే గాని ఆపవలెను.

ఇంతవరకు నిషేధములే చెప్పితిని. ఆనందమునుగూర్చి చెప్పకున్న పిల్లలు నన్ను క్షమింపరు. తోడివారితో కలిసి యేదో నొకటి కట్టుట పిల్లలకు మహాప్రీతి. స్వీడనులో పుట్టి 2011లో పూర్తిరూపమున వెలువడిన మైన్‌క్రాఫ్ట్ ఆటలో దిమ్మెమీద దిమ్మె పేర్చి యిండ్లు, కోటలు, చెరువులు కట్టుకొనవచ్చును. ఒకే వైఫైమీద అన్నదమ్ములు కలిసి ఆడవచ్చును, లేక సొమ్ము చెల్లించి ఆహ్వానితులకు మాత్రమే ప్రవేశమున్న స్వంతలోకమును దెరువవచ్చును. వెల పెట్టి కొనవలసిన ఆటయగుట దీని కొక దోషముగా దోచును గాని, ఉచితమని చెప్పి పిమ్మట దినదినము పిండు ఆటలకంటె ఒక్కమారు వెల చెప్పు ఆట నిజాయితీగలది. దొంగనెవరో కనిపెట్టు ‘అమాంగ్ అస్’ ఆటలో చిన్నపిల్లల ఖాతాలకు స్వేచ్ఛగా వ్రాయు వీలులేక, సిద్ధముచేసిన వాక్యములను మాత్రమే ఎన్నుకొను పద్ధతి గలదు. ఇట్టి యేర్పాటు ఎందున్నను మెచ్చదగినదే.

నాకు మాత్రము చదరంగము మీద పక్షపాతము. వరంగల్లులో జన్మించిన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరున 2800 రేటింగు దాటి, భారతీయులలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ మెట్టెక్కిన రెండవవాడైనాడు. అదే నెలలో కోనేరు హంపి మహిళల ప్రపంచ రాపిడ్ పోటీలో రెండవమారు విజేత యైనది. కావున ఈ ఆటను మన పిల్లలకు ఎవరో దూరపువారి ఆటగా పరిచయము చేయనక్కరలేదు. ఫ్రాన్సు దేశీయుడైన థిబో ద్యుప్లెసీ 2010లో ప్రారంభించిన లీచెస్‌లో ప్రకటనలు లేవు, కొనుగోళ్లు లేవు. ‘కిడ్ మోడ్’ అను మీట నొక్కినచో సందేశములు, సంభాషణలు సమస్తమును మాయమై, ఎదుటివాడు ఎత్తు వేయుట తప్ప మరేమియు చేయజాలడు. అపరిచితునితో ఆడినను చిక్కులేని ఆట ఇట్టిది. అదియుగాక, ఎత్తునకు ఒకదినమునుండి పదునాలుగు దినములవరకు గడువిచ్చు పద్ధతియు నందున్నది; వేళలు కలియని కువైట్ తండ్రికి ఇది తగును. రాత్రిపనినుండి వచ్చి ఆయన యొక ఎత్తు వేయును, బడికి పోవుటకు ముందు బిడ్డ యొక ఎత్తు వేయును. ఆట నెలదినములు సాగినను కొంప మునుగదు.

కాలనియమమునుగూర్చి ప్రభుత్వములు చేసిన ప్రయోగములు చిత్రమైనవి. దక్షిణకొరియా 2011లో పదునారేండ్లలోపువారికి అర్ధరాత్రి ఆటలను మూయించి, పదేండ్లకు ఆ చట్టమును రద్దుపరచుటకు నిశ్చయించినది. చైనా 2021లో శుక్ర, శని, ఆదివారములందు, పండుగదినములందు రాత్రి ఎనిమిదినుండి తొమ్మిదివరకు మాత్రమే పిల్లలకు అనుమతించెను. మన యింటి నియమమునకు చట్టమక్కరలేదు గాని ఆట స్వభావము తెలియవలెను. బీజీఎంఐలో ఒక ఆట ముగియుటకు సుమారు అరగంట పట్టును. నడుమ విడిచినచో జట్టువారు నష్టపోవుదురు, మిత్రులు మరునాడు నిందింతురు. అట్టి నడుమ వేళ ‘ఇప్పుడే ఇయ్యి’ అని ఫోను లాగికొన్నచో పిల్లవాడు అరచుట వ్యసనమువలననే యని తలపరాదు. ‘ఈ ఆట అయినంక బంద్’ అని ముందే చెప్పినచో చాలవరకు వినును.

ఎంత జాగ్రత్తపడినను ఒకనాడు ఎవ్వడో బూతు మాటలాడును, ఫొటో పంపుమనును, లేక సొమ్ము అడుగును. ఆ సంగతి చెప్పిన బిడ్డ ఫోనును తక్షణమే లాగికొన్నచో, రెండవమారు ఆ బిడ్డ చెప్పదు. ఈ యొక్క విషయమున తలిదండ్రులు కోపమును దిగమింగవలెను. మొదట ఆ సందేశమును, ఆ మనిషి ఖాతాపేరును స్క్రీన్‌షాట్ తీసి యుంచవలెను. పిమ్మట ఆటలోనే ఫిర్యాదు మీట నొక్కి, అతనిని బ్లాక్ చేయవలెను. ముందే తుడిచివేసినచో పోలీసులకు చూపుటకు ఏమియు మిగులదు. సొమ్ము పోయినచో సైబరు నేరముల సహాయసంఖ్య 1930కి ఆ గంటలోనే ఫోను చేసినయెడల అది చేతులు మారకమునుపే నిలుపు అవకాశము హెచ్చు. బిడ్డను బెదిరించుచున్నచో 1098 పిల్లల సహాయసంఖ్య గలదు. ఈ రెండు సంఖ్యలను నాయనమ్మ ఫోనులో గూడ ఎక్కించుడు. పగటివేళ ఇంట నుండునది ఆమెయే.