లేబర్ కాంట్రాక్టుకూ నిఖానామాకూ ఒకటే సూత్రం

గల్ఫ్‌లో ఆఫీసు గుమాస్తాలుగా పనిచేసే మనవాళ్ల చేతుల మీదుగా రోజూ ఎన్నో కాగితాలు పోతుంటాయి. టైమ్‌షీట్లు, జీతాల పట్టీలు, లీవు లెటర్లు, కాంట్రాక్టులు. ఓవర్‌టైమ్ గంటల్లో ఒక అంకె తగ్గిందంటే, క్యాంపులో ఉండే ఒక కార్మికుడి ఇంటికి ఆ నెల డబ్బు తక్కువ పోతుంది. మనం బతుకుతున్న ఈ దేశాల్లో, రాసుకున్న ఒప్పందానికి ఇస్లాం ఎంత విలువ ఇచ్చిందో, అదే విలువ పెళ్లికి ఎలా ఇచ్చిందో తెలుసుకుంటే ఏ మతం వారికైనా ఉపయోగమే.

రాసేవాడికి చెప్పిన నీతి

ఖురాన్‌లో అన్నిటికంటే పెద్ద ఆయత్ రెండో సూరాలోని 282వది. అది పూజ గురించి కాదు, అప్పు పత్రం గురించి! గడువు పెట్టి అప్పు తీసుకుంటే రాసుకోవాలి, రాసేవాడు న్యాయంగా రాయాలి, సాక్షులు ఉండాలి, రాసేవాడికీ సాక్షికీ ఎవరూ కీడు చేయకూడదు అని దాని సారాంశం. ఒకరకంగా ఇది మన గుమాస్తాల ఆయత్. 83వ సూరా తూకంలో మోసం చేసేవారిని హెచ్చరిస్తుంది. చెమట ఆరకముందే కూలివాడికి కూలి ఇవ్వాలన్న ప్రవక్త మాట మనలో చాలామంది విన్నదే.

వీటన్నిటికీ మూలమైన మాట అమానత్. నమ్మి అప్పగించినది అని అర్థం. మన తెలుగులో 'అమానతు సొమ్ము' అనే మాట ఇక్కడిదే. పూర్వం ముస్లిం నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి బజారులో తిరిగి తూనికలు, కొలతలు, సరుకు నాణ్యం తనిఖీ చేసేవాడు.

ఈ కాలంలో ఇదే నీతి వృత్తి విద్యలోకి వచ్చింది. 1981లో కువైట్‌లో జరిగిన ఇస్లామిక్ వైద్య సదస్సు డాక్టర్లకు ఒక నీతి నియమావళి తయారుచేసింది. రోగి రహస్యం కాపాడాలి, మిత్రుడైనా శత్రువైనా ఒకేలా వైద్యం చేయాలి అని అందులో ఉంది. బహ్రెయిన్‌లో 1991 నుంచి పనిచేస్తున్న ఆయోఫి సంస్థ ఇస్లామిక్ బ్యాంకుల లెక్కలకు ప్రమాణాలు రాస్తుంది. అది అకౌంటెంట్లకు, ఆడిటర్లకు ఇచ్చిన నియమావళిలోనూ నమ్మకానికి, నిష్పక్షపాతానికి, పనిలో శ్రద్ధకు చోటు ఉంది.

పెళ్లి కూడా ఒప్పందమే

నిఖాలో ఒకరు అడగాలి, మరొకరు ఒప్పుకోవాలి, సాక్షులు ఉండాలి. ఆ 'కబూల్' మాటే మన పల్లెల్లో 'కబూలు చేశాడు' అయింది. అయితే ఇది సరుకు బేరం లాంటిది కాదు. ఖురాన్ నాలుగో సూరా దీన్ని గట్టి ప్రమాణం అంటుంది. అదే సూరా మెహర్‌ను మనస్ఫూర్తిగా భార్యకే ఇమ్మంటుంది.

మెహర్ ఆడపిల్ల తండ్రికి ఇచ్చేది కాదు, పూర్తిగా ఆమెది. కొంత వెంటనే, కొంత తర్వాత ఇస్తామని రాసుకోవచ్చు. తర్వాత ఇస్తామన్నది విడాకులప్పుడో భర్త చనిపోయినప్పుడో ఇచ్చి తీరాలి. భర్త పోతే అది అప్పు కింద లెక్క. ఆస్తి వారసులు పంచుకునే ముందే తీర్చాలి. కట్నం సంగతి వేరు. 1961 వరకట్న నిషేధ చట్టం కట్నాన్ని నేరమంది, మెహర్‌ను మాత్రం ఆ నిర్వచనంలో చేర్చలేదు. మెహర్ కాగితం మీదే ఉంచి, జహేజ్ మాత్రం ముందే పుచ్చుకునే ఇళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. అమానత్ గురించి మాట్లాడేవారు దీనికీ జవాబు చెప్పుకోవాలి.

ఇక్కడ మనం, అక్కడ ఇల్లాలు

గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మూడుసార్లు తలాక్ అంటే ఏమవుతుంది? ఏమీ కాదు, జైలు తప్ప! 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లను కొట్టేసింది. 2019 చట్టం ప్రకారం నోటితో చెప్పినా, రాసినా, ఎలక్ట్రానిక్ రూపంలో పంపినా అది చెల్లదు. మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

డబ్బు పంపడం మానేసినవారికి 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం ఉంది. భర్త రెండేళ్లు పోషణ ఇవ్వకపోయినా, నాలుగేళ్లు ఆచూకీ లేకపోయినా భార్య కోర్టులో విడాకులు కోరవచ్చు. భార్య కోరే ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

భరణం విషయంలో పెద్ద తీర్పు మన తెలంగాణ కేసులోనే వచ్చింది. విడాకులిచ్చిన భార్యకు నెలకు 20,000 రూపాయలు ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు చెప్పగా, హైకోర్టు 10,000కు తగ్గించింది. అదీ ఇవ్వనక్కర్లేదని భర్త సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2024 జులై 10న జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ ఆ అప్పీలు కొట్టేశారు. అందరికీ వర్తించే 125వ సెక్షన్ ముస్లిం మహిళలకూ వర్తిస్తుందని చెప్పారు. కొత్త చట్టంలో అది 144వ సెక్షన్ అయింది.

ఎమిరేట్స్‌లో ఉండే హిందూ, క్రైస్తవ కుటుంబాలకు కూడా ఒక మాట. అక్కడ ముస్లిమేతరుల పెళ్లి, విడాకులకు 2023 ఫిబ్రవరి 1 నుంచి వేరే సివిల్ చట్టం అమల్లో ఉంది. కావాలంటే స్వదేశ చట్టం కోరుకోవచ్చు.

చేయవలసినవి

పెళ్లి చేసుకోబోయే తమ్ముళ్లు, చెల్లెళ్లకు పెళ్లి చేసే అన్నలు ఈ నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. మెహర్ ఎంతో, అందులో వెంటనే ఎంతో నిఖానామాలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. భర్త విదేశంలో ఉంటే నెలకు ఎంత పంపాలో షరతుగా రాయించవచ్చు. షరతు తప్పితే విడాకుల హక్కు భార్యకు అప్పగించే తఫ్వీజ్‌ను మన కోర్టులు గుర్తించాయి. నిఖానామా నకలు ఒకటి అమ్మాయి దగ్గరే ఉండాలి.

కాంట్రాక్టులో రాసిన జీతం కంపెనీ ఇవ్వకపోతే మనం లేబర్ ఆఫీసుకు వెళతాం. అది మన హక్కు. నిఖానామాలో రాసింది అడిగే ఇల్లాలిదీ అలాంటి హక్కే. ఆమెను గయ్యాళి అనకండి.