కట్లపాము మీద పడిన కరోనా నింద: జన్యువులు ఏం చెప్పాయి?

గొలుగొండ మండలంలో ఒకపక్క వరి మళ్లు, జీడితోటలు, ఇంకోపక్క ఏజెన్సీ కొండలు. ఇలాంటి చోట పాము కనబడటం వార్తే కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర పేర్లు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందుకే 2020 జనవరిలో ఫోన్లలో తిరిగిన ఒక మాట ఇలాంటి ఊళ్లవాళ్లను ఎక్కువ కలవరపెట్టేదే. కరోనా పాముల నుంచి వచ్చిందట, అదీ కట్లపాము, నాగుపాముల నుంచేనట!

అది పూర్తిగా గాలి కబురు కాదు. 2020 జనవరి 22న ‘జర్నల్ ఆఫ్ మెడికల్ వైరాలజీ’లో చైనా పరిశోధకుల వ్యాసం ఒకటి నిజంగానే వచ్చింది. వాళ్లు చెప్పినవి చైనాలో ఉండే కట్లపాము, నాగుపాము. మన పాములకు దగ్గరి చుట్టాలే, కానీ వేరే జాతులు. అయితే వాళ్లు ఏ పామునూ పట్టుకుని పరీక్షించలేదు. ఏ పాములోనూ ఆ వైరస్ దొరకలేదు. మరి ఎలా చెప్పారు?

జన్యు భాషను బట్టి చెప్పారు. వైరస్ జన్యువులో అక్షరాలు మూడేసి కలిసి ఒక మాట అవుతాయి. ఒక్కో మాట ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచిస్తుంది. అమైనో ఆమ్లాలు 20, వాటిని సూచించే మాటలు 61. అంటే ఒకే అర్థానికి చాలాసార్లు రెండు మూడు మాటలుంటాయి. మన ఇళ్లలో ఒకరు ‘నీళ్లు’ అంటే ఇంకొకరు ‘పానీ’ అన్నట్టే. ప్రతి జీవికీ కొన్ని మాటలంటే మక్కువ. కరోనా వైరస్ వాడిన మాటలను కొన్ని జంతువుల మాటలతో పోల్చి చూస్తే పాము దగ్గరగా కనబడిందట.

చిక్కు ఇక్కడే ఉంది. ఉత్తరంలో ‘పానీ’ అని ఉన్నంత మాత్రాన అది ఫలానా ఇంటి నుంచే వచ్చిందని ఎవరైనా తేల్చగలరా? పైగా పోల్చింది కొన్ని ఇళ్లతోనే. ఇతర శాస్త్రవేత్తలు వెంటనే అభ్యంతరం చెప్పారు. ఈ కుటుంబపు కరోనా వైరస్‌లు పాలిచ్చే జంతువుల్లో, పక్షుల్లో కనబడతాయని గుర్తుచేశారు. రెండు వారాలు తిరక్కముందే, ఫిబ్రవరి 3న ‘నేచర్’ పత్రికలో అసలు పోలిక వచ్చింది. ఒక గబ్బిలంలో దొరికిన వైరస్ జన్యువు కొత్త కరోనాతో 96 శాతం కలిసింది. అక్కడి నుంచి మనిషికి ఏ దారిన వచ్చిందన్నది వేరే చర్చ. పాము మాట మాత్రం నిలవలేదు.

అలాగని పాములకు వైరస్‌లు లేవని కాదు, చాలానే ఉన్నాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక అక్వేరియంలో బోవా పాములు, అంటే కొండచిలువ లాంటి పాములు, వింత జబ్బుతో చనిపోయేవి. మెడ వంకర తిరిగిపోయేది, తలెత్తలేకపోయేవి. ఈ జబ్బు దశాబ్దాలుగా తెలిసిందే, కారణమే తెలియలేదు. 2012లో జోసెఫ్ డెరిసి బృందం ఆ పాముల్లో కొత్త వైరస్‌లను పట్టుకుంది. వాటి జన్యువులో ఒక భాగం ఎలుకల నుంచి మనిషికి వచ్చే లాసా జ్వరం వైరస్ కుటుంబాన్ని పోలింది. పై పొర ప్రోటీన్ ఎబోలా వైరస్ వంశానిది! పోలిక అంటే చుట్టరికమే. దానివల్ల పాముకు ఎబోలా ఉందనో, ఇస్తుందనో కాదు.

ఈ వైరస్‌ల జన్యువు రెండు ముక్కలుగా ఉంటుంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకే పాములో రకరకాల పెద్ద ముక్కలు, చిన్న ముక్కలు కలిసి కాపురం చేయడం 2015లో బయటపడింది. అవి ఒకదానితో ఒకటి మార్పిడి చేసుకుంటాయి, కొత్త జతలు కడతాయి. వేర్వేరు దేశాల పాములను వ్యాపారం కోసం ఒకచోట పెంచడమే ఇందుకు కారణం కావచ్చని అనుమానం. పైథాన్‌లకు శ్వాస జబ్బు తెచ్చే ఇంకో వైరస్‌ల గుంపు 2014లో తెలిసింది. అవి కరోనాకు దూరపు చుట్టాలు. చుట్టాలే, కానీ వేరే కుటుంబం.

మరి ఇవి మనకెందుకు అంటుకోవు? ఒక కారణం వేడి. పాము చల్లని రక్తపు జీవి, మన ఒళ్లు 37 డిగ్రీలు. బోవా పాము వైరస్‌లను ప్రయోగశాలలో క్షీరద కణాల్లో పెంచి చూశారు. 30 డిగ్రీల దగ్గర పెరిగాయి, 37 దగ్గర సరిగా పెరగలేదు. రెండోది వంశ చరిత్ర. 2018లో సరీసృపాలు, కప్పలు, చేపల నుంచి 214 కొత్త వైరస్‌లను వెలికితీశారు. వాటి వంశవృక్షం చాలావరకు వాటి ఆతిథేయ జంతువుల వంశవృక్షం వెంటే నడిచింది. కోట్ల ఏళ్లు కలిసి బతికి, కలిసి మారాయన్నమాట. మధ్యమధ్య ఒక జాతి నుంచి ఇంకో జాతికి దూకినవీ ఉన్నాయి. కాబట్టి ‘ఎప్పటికీ రాదు’ అని ఎవరూ రాసివ్వరు. దోమ మధ్యవర్తిగా ఉంటే లెక్క కొంచెం మారుతుంది కూడా. అమెరికాలో పెంచే మొసలి జాతి జంతువులకు వెస్ట్ నైల్ వైరస్ సోకింది. వాటి రక్తం తాగిన దోమకు అంటుకునేంతగా వాటిలో పెరిగింది.

ఇంట్లో తాబేలును పెంచుకునేవాళ్లకు అసలు ముప్పు వైరస్ కాదు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా. ముట్టుకున్న పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి. నక్షత్ర తాబేలునైతే పెంచడమే నేరం.

పాముతో మనకున్న లెక్క విషానిదే. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఏడాదికి 58 వేలు! కరోనా నింద పడిన ఆ జనవరిలోనే మన నాగుపాము పూర్తి జన్యుపటం ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చింది. అందులో 139 విష జన్యువులను గుర్తించారు. వాటిలో 19 విషగ్రంథిలోనే పనిచేస్తాయి. ఆ 19 ప్రోటీన్ల మీద గురిపెట్టి మెరుగైన విరుగుడు మందు తయారుచేయాలన్నది ఆలోచన.

కట్లపాము రాత్రిపూట, కింద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలైతే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే దోమ, పాము రెండూ రావు. కాటు పడితే కోయవద్దు, తాడు బిగించవద్దు, నోటితో పీల్చవద్దు. దువా చేయండి, దమ్ చేయించే ఆలోచన ఉంటే తర్వాత చూసుకోండి. ముందు 108కి ఫోన్ చేసి, మనిషిని నడిపించకుండా నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి.