మీకు తెలుసా? కడుపుతో ఉన్నా నడక మానక్కర్లేదు

“అసలే వట్టి మనిషివి కాదు, కూర్చో!” అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. కానీ ఇబ్బందులేమీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారంలో 5 రోజులు, రోజుకు అరగంట చురుకైన నడక.

ఎంత వేగంగా నడవాలి? పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత, పాట పాడబోతే మాత్రం ఆయాసం వచ్చేంత.

టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ 2017లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచేనాటికి సుమారు 2 నెలల గర్భిణి!

మూడో నెల దాటాక వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు వద్దు. రక్తస్రావమైనా, ఉమ్మనీరు పోతున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టరును కలవండి. కొత్తగా మొదలుపెడుతుంటే ముందే అడగండి.