ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్

ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనేది వెన్నెముక కీళ్ళకు వచ్చే ఒక దీర్ఘకాలిక వాపు వ్యాధి. ఇది సాధారణంగా 45 సంవత్సరాలలోపు వయసులోనే, వెన్నెముక అడుగుభాగం కటి ఎముకలతో కలిసే కీళ్ళ వద్ద ప్రారంభమవుతుంది. దీనికి హెచ్.ఎల్.ఎ.-బి27 అనే జన్యువుతో గల సంబంధాన్ని 1973లో గుర్తించారు. అయితే ఆ జన్యువు ఉన్నవారిలో అత్యధికులకు ఈ వ్యాధి రాదు.

లక్షణాలు

సాధారణ నడుమునొప్పి విశ్రాంతితో తగ్గుతుంది. ఈ నొప్పి మాత్రం విశ్రాంతితో పెరిగి, కదలికతో తగ్గుతుంది. ఉదయం లేవగానే నడుము చాలాసేపు బిగుసుకొని ఉంటుంది. ఈ తేడా గుర్తించక మంచానికే పరిమితమైతే బిగువు మరింత పెరుగుతుంది. కొందరిలో కాలక్రమేణా వెన్నుపూసలు అతుక్కుపోయి వెన్ను వంగిపోతుంది.

చికిత్స

దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. నిత్య వ్యాయామం, ధూమపానం మానడం, వైద్యుని పర్యవేక్షణలో వాపును తగ్గించే మందులు వాడడం ముఖ్యం. కన్ను ఎర్రబడి నొప్పి కలిగితే వెంటనే కంటివైద్యుని సంప్రదించాలి.