కరవుసీమలో పచ్చని కోవెల

విశ్రాంతి కోసం రెండు రోజులు ఊరు విడిచి వెళ్ళాలనుకున్నప్పుడు మీ మనసు ఎటు పరుగెత్తుతుంది? అరకు లోయ వైపో, పాపికొండల వైపో, మబ్బులు తాకే మరో కొండ వైపో కదా! ప్రకృతిలో పరమాత్మను దర్శించాలన్నా పచ్చదనం పుష్కలంగా ఉన్న చోటికే వెళ్ళాలని మనలో చాలామంది భావిస్తారు. జలపాతం ఎదుట నిలిచి ‘ఎంతటి లీల స్వామీ నీది’ అని చేతులు జోడించడం కష్టమేమీ కాదు. మరి నీరే కరవైన చోట ఆ స్వామి కనిపిస్తాడా? ఈ ప్రశ్న మీలో ఎన్నడైనా కలిగి ఉంటే, ఈసారి అనంత పీఠభూమికి బయలుదేరండి.

ఊడ దిగని నేల

అనంతపురం అనే పేరు అనంతసాగరమనే చెరువు మీదుగా వచ్చిందని చెబుతారు. సాగరమని చెరువుకు పేరు పెట్టుకున్న ఆ సీమలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు సముద్రానికి దూరమైన ఈ నేలను చేరేసరికి బలహీనపడతాయి. ఎర్రనేలలు, బోడిగుట్టలు, వాటి నడుమ వేరుశెనగ చేలు మీకు దారి పొడవునా కనిపిస్తాయి.

వేరుశెనగ మొక్క పూసిన తరువాత సన్నని ఊడలను నేలలోకి దించుతుంది. ఆ ఊడ మట్టిలోకి దిగితేనే కాయ. సరిగ్గా ఆ సమయంలో ఒక్క వాన ముఖం చాటేస్తే నేల గట్టిపడుతుంది. ఊడ దిగదు, కాయ ఊరదు, ఏడాది కష్టం చేనిలోనే ఎండిపోతుంది. అప్పు మిగిలిన రైతు మూటాముల్లె సర్దుకొని బెంగళూరు బండి ఎక్కుతాడు. ‘దేవుడు చూస్తూ ఉన్నాడా?’ అని ఇక్కడివారు ఆకాశం వైపు చూసి అడిగితే అది నాస్తికత్వం కాదు. అదొక ఆర్తి. గజేంద్రుడు కూడా అలాగే సందేహించి, ఆ సందేహంలోనే శరణు వేడాడు.

తిమ్మమ్మ మర్రిమాను

ఆ ఆర్తికి భూమి ఇచ్చిన సమాధానంలాగా, కదిరికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, గూటిబయలు గ్రామంలో ఒక వటవృక్షం నిలిచి ఉంది. సీమ వాడుకలో మాను అంటే చెట్టు. తిమ్మమ్మ మర్రిమానుగా ప్రసిద్ధికెక్కిన ఈ చెట్టు సుమారు ఐదు ఎకరాల మేర నీడ పరచి, ప్రపంచంలోనే అతి పెద్ద మర్రిచెట్టుగా 1989లో గిన్నిస్ పుస్తకంలో స్థానం పొందింది. దూరం నుంచి చూస్తే చిన్న అడవిలా ఉంటుంది. లోపలికి అడుగుపెడితే వేయిస్తంభాల మండపంలో నిలిచినట్లుంటుంది. ఆ స్తంభాలన్నీ ఒకే చెట్టు ఊడలు!

తిమ్మమ్మ వ్యాధిగ్రస్తుడైన భర్త బాలవీరయ్యకు ఏ మాత్రం విసుగు లేక సేవ చేసిందని, 1434లో ఆయన మరణించగా సహగమనం చేసిందని, చితికి నాటిన గుంజలలో ఒకటి చిగురించి ఈ మానైనదని స్థానికుల విశ్వాసం. సహగమనాన్ని నేటి ధర్మమూ చట్టమూ అంగీకరించవు. మనం తలవంచి నమస్కరించవలసింది ఆ చితికి కాదు. ఆ తల్లి చేసిన సేవకు, ఎండుగుంజ నుంచి వెలువడిన చిగురుకు. చెట్టు నీడలో తిమ్మమ్మకు చిన్న గుడి ఉంది. సంతానం కోరే దంపతులు ఇక్కడ మొక్కుకుంటారు. శివరాత్రికి జాతర జరుగుతుంది.

పగిలిన గింజలో ఏముంది?

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువుకు బ్రహ్మతత్త్వాన్ని బోధించడానికి మర్రిపండునే ఎంచుకున్నాడు. పండును చీల్చమన్నాడు. లోపల అణువుల వంటి గింజలు కనిపించాయి. అందులో ఒక గింజను పగులగొట్టమన్నాడు. ఇప్పుడేమి కనిపిస్తున్నదని అడిగితే, ఏమీ లేదన్నాడు కుమారుడు. కంటికి కనిపించని ఆ సూక్ష్మం నుంచే ఇంతటి మహావృక్షం నిలబడిందని, ఆ సూక్ష్మమే సత్యమని, నీవూ అదేనని తండ్రి ఉపదేశించాడు.

ఈ కథను మీరు ప్రవచనాలలో ఎన్నోసార్లు విని ఉంటారు. కానీ ఐదు ఎకరాల నీడలో నిలిచి, రాలిన పండునొకదానిని అరచేతిలో విప్పి చూసినప్పుడు ఆ మాట చెవిని దాటి గుండెలోకి దిగుతుంది. ఏమీ లేదని మనం అనుకున్న చోటనే ఆయన ఉన్నాడు. ఎండిన పీఠభూమి కూడా అటువంటి గింజే కదా!

మర్రిని సంస్కృతంలో న్యగ్రోధమంటారు. క్రిందికి పెరిగేదని ఆ పదానికి అర్థం. ఎంత ఎత్తుకు ఎదిగినా, ఎంత దూరం విస్తరించినా, ఈ చెట్టు మళ్ళీ నేల వైపే చేతులు చాస్తుంది. నేలను తాకిన ప్రతి ఊడా మరొక కాండమై పై కొమ్మను మోస్తుంది. తల్లి మోసిన బిడ్డలే తల్లిని మోసినట్లన్నమాట. మన ఇళ్ళలోని వృద్ధులను తలచుకోవడానికి ఇంతకన్నా తగిన చోటు మరొకటి ఉండదేమో!

మౌనమే ఉపదేశం

దక్షిణామూర్తి వటవృక్షం క్రింద కూర్చుండి, ఒక్క మాట పలుకకుండానే సనకాదుల సందేహాలను తీర్చాడు. కనుక ఇక్కడికి వచ్చినప్పుడు ఫొటోల తొందర కాసేపు మానండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఒక అరగంట మౌనంగా ఉండండి. ఆకుల సవ్వడి, పండ్ల కోసం వచ్చే పక్షుల కిలకిల, కొమ్మల సందుల నుంచి జారే వెలుగు, ఇవే ఆ పూటకు అర్చన. కొమ్మలపై పేర్లు చెక్కడం, ఊడలు తెంపడం, ప్లాస్టిక్ సంచులు పారవేయడం గర్భగుడిని మైలపరచడంతో సమానమని పిల్లలకు చెప్పండి.

మరొక విశేషాన్ని కూడా గమనించండి. లేత ఊడలు నేలను చేరేలోగా ఎండిపోకుండా, వెదురు బొంగులలో మట్టి, ఎరువు నింపి వాటిని అందులోకి దించుతారు అటవీ సిబ్బంది. ఊడను పంపడం దైవం పని. దానికి పిడికెడు మట్టిని అందించడం మానవుని పని. వాన కురవని ఏడాది పొరుగువాని చేనికి, పొరుగింటి పొయ్యికి మనం అందించే చేయూత కూడా ఆ వెదురుబొంగు వంటిదే. దేవుడు చూస్తున్నాడా అని అడిగిన రైతుకు ఆయన సమాధానం ఒక్కొక్కప్పుడు మన చేతుల మీదుగానే వెళ్ళవలసి ఉంటుంది.

విశ్రాంతి తీసుకొని తిరిగి వెళ్ళేటప్పుడు ఒక సంకల్పం చేసుకోండి. మీ ఊరిలో, మీ వీధిలో, గుడి ఆవరణలో ఒక మొక్క నాటి, వేసవులు దాటే వరకు నీరు పోయండి. ఆ నీడలో రేపు ఎవరు కూర్చుంటారో మీకు తెలియకపోవచ్చు. వారిలోనూ కూర్చునేది ఆ స్వామే.

ఎలా వెళ్ళాలి?

గూటిబయలు ఒకప్పుడు అనంతపురం జిల్లాలోనిది. 2022లో జరిగిన విభజనతో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ధర్మవరం - పాకాల రైలు మార్గంలోని కదిరిలో దిగి, రోడ్డు మార్గాన చేరుకోవచ్చు. కదిరిలో ప్రహ్లాద సమేతుడైన లక్ష్మీనరసింహస్వామిని సేవించుకొని బయలుదేరడం ఆనవాయితీ. ఖదిరమంటే చండ్రచెట్టు. ఆ చెట్టు పేరు మీదుగానే ఊరికి కదిరి అన్న పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు.