మన్యం మైదానంలో విజిల్ ఎవరిది?

2025 డిసెంబరులో భారత అంధ మహిళల క్రికెట్ జట్టు మంగళగిరికి వచ్చింది. కొలంబోలో తొలి టీ20 ప్రపంచకప్ గెలిచి అప్పటికి నెల కూడా తిరగలేదు. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ తన క్యాంపు కార్యాలయంలో ఒక్కో క్రీడాకారిణికి 5 లక్షలు, ఒక్కో కోచ్‌కు 2 లక్షల రూపాయలు అందించారు. ఆ జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా వంట్లమామిడికి చెందిన గిరిజన అమ్మాయి పాంగి కరుణకుమారి ఉంది. నేపాల్‌తో ఫైనల్లో 42 పరుగులు చేసింది. అదే మ్యాచ్‌లో 44 కొట్టి అజేయంగా నిలిచిన ఫూలా సరెన్ ఒడిశా సంతాల్ బిడ్డ.

మన్యంలో ఆడే పిల్లలకు కొదవ లేదని ఇలాంటి సన్మానం జరిగినప్పుడల్లా మనకు గుర్తొస్తుంది. మరి వాళ్లకు ఆట నేర్పే మన్యం మనిషి ఏడీ?

విలువిద్య సంగతే చూడండి. చెంచులు, కోయలు, కొండరెడ్లు తరతరాలుగా విల్లు పట్టినవాళ్లు. తెలుగువాళ్ల ఆర్చరీకి పేరు తెచ్చింది మాత్రం విజయవాడ. చెరుకూరి సత్యనారాయణ కుటుంబం నడిపిన వోల్గా ఆర్చరీ అకాడమీలోనే జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ తొలి పాఠాలు నేర్చుకున్నారు. సత్యనారాయణ కొడుకు లెనిన్ తాను ఆడుతూనే ఇతరులకు నేర్పాడు, 2010లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. కోచ్ దగ్గర్లో ఉంటే ఏమవుతుందో బెజవాడ చూసింది. నల్లమల ఇంకా చూడలేదు.

అడవి బిడ్డలు కోచ్‌లు కాలేరా అంటే, లింబారామ్ ఉన్నాడు. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా గిరిజన పల్లె నుంచి 1987లో భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) ఎంపికల్లో బయటపడ్డాడు. వెదురు విల్లుతో పెరిగిన ఆ కుర్రాడు మరుసటి ఏడాదే సియోల్ ఒలింపిక్స్‌లో బాణం వేశాడు. మొత్తం మూడు ఒలింపిక్స్ ఆడాడు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో మన ఆర్చర్లు 3 స్వర్ణాలు సహా 8 పతకాలు గెలిచినప్పుడు జాతీయ కోచ్ ఆయనే. 2012లో పద్మశ్రీ వచ్చింది.

ఆ రోజుల్లోనే సాయ్ కర్ణాటక అడవుల్లోని సిద్ధీ పిల్లలను కూడా ఎంపిక చేసి పరుగుల్లో తర్ఫీదిచ్చింది. 1993లో ఆ పథకం ఆగిపోయింది, చాలామంది ఇంటిదారి పట్టారు. ఆ పిల్లల్లో పదిమందినైనా కోచ్‌లుగా తయారుచేసి ఉంటే, ఢిల్లీలో ఫైలు మూసేసినా ఊళ్లో ఆట ఆగేది కాదు.

కోచ్ కావడానికి మన దేశంలో రాజమార్గం పటియాలా. 1961లో మొదలైన అక్కడి జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఏడాది డిప్లొమా ఇస్తుంది. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. ‘ఎన్‌ఐఎస్ కోచ్’ అంటే ఆ కాగితం ఉన్నవాడని అర్థం. డిప్లొమాకు మామూలుగా డిగ్రీ కావాలి, అంతర్జాతీయ స్థాయిలో ఆడినవాళ్లకు సడలింపు ఉంటుంది. పాడేరులో ఇంటర్ చదివి రాష్ట్రస్థాయి కబడ్డీ ఆడిన కుర్రాడు ఈ రెండింటి మధ్య చిక్కుకుపోతాడు. పైగా పటియాలా దూరం, ఖర్చు, భాష. మాజీ ఛాంపియన్లను కోచ్‌లుగా పెట్టేందుకు 2020లో కేంద్రం ఖేలో ఇండియా కేంద్రాలు ప్రకటించింది. మంచి ఆలోచనే, కానీ ముందు ఛాంపియన్ అయి ఉండాలి కదా!

ఇంకో తలుపూ ఇరుకైంది. ఏజెన్సీ బడుల్లో డ్రిల్లు మాస్టారితో సహా టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. కువిలోనో సవరలోనో ఆలోచించే పిల్లకు తెలుగులో అరిచే డ్రిల్లు మాస్టారు సగమే అర్థమవుతాడు. ఊరి పండగకు ఇంటికెళ్లిన పిల్ల ఎందుకు తిరిగి రాలేదో, ఏ మాట చెబితే తల్లి ఆమెను మళ్లీ హాస్టల్‌కు పంపుతుందో ఆ ఊరివాడికే తెలుస్తుంది.

కాగితం కన్నా పనితనాన్ని చూసిన సందర్భాలు మన దేశంలోనే ఉన్నాయి. 1954లో డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ పెట్టినప్పుడు క్షేత్ర శిక్షణకు తొలి డైరెక్టర్‌గా చదవడం, రాయడం రాని షెర్పా టెన్జింగ్ నార్గేను నియమించారు. ఆరు దశాబ్దాల తర్వాత నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ పిల్ల మాలావత్ పూర్ణ అదే సంస్థలో మెళకువలు నేర్చుకుని 2014 మే 25న, 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. బయట చూస్తే, కెనడాలో ఆదివాసీ క్రీడాకారులకు నేర్పే కోచ్‌ల కోసం ప్రత్యేక పాఠాలే ఉన్నాయి. ఆటను మనిషి జీవితం మొత్తంలో భాగంగా చూడటం, వివక్ష ఎదురైతే ఏం చేయాలి, పిల్లవాడి బాగు, ఊరి బాగు అన్నవి వాటిలోని అంశాలు. అవి చెప్పేది కూడా ఆదివాసీలే.

మంగళగిరికి కూతవేటు దూరంలో నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది, అందులో వ్యాయామ విద్య కళాశాలా ఉంది. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ ‘శాప్’ విజయవాడలోనే ఉంది. ఈ రెండూ గిరిజనాభివృద్ధి సంస్థలతో (ఐటీడీఏ) కలిస్తే ఆరు వారాల కోర్సును పాడేరుకో సీతంపేటకో తీసుకెళ్లడం పెద్ద పనేమీ కాదు. డిగ్రీ అడగకుండా, గ్రౌండ్‌లో చూసి ఎంపిక చేయాలి. పాఠాల్లో కొన్ని వాళ్ల భాషలో ఉండాలి. కోర్సు ముగిసినవాళ్లకు ఆశ్రమ పాఠశాలల్లో నెల జీతం మీద పని ఇవ్వాలి. గౌరవ వేతనం పేరుతో సరిపెట్టకూడదు. వచ్చే బడ్జెట్‌లోనే ఇందుకు డబ్బు కేటాయించాలని మన్యం ఎమ్మెల్యేలు, ఎంపీలు పార్టీలతో పనిలేకుండా పట్టుబట్టాలి.